తీరప్రాంత బడుల్లో ప్రాథమిక చదువు

ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు సాగే ప్రాథమిక విద్యలో తెలుగు, ఇంగ్లీషు, గణితం మొదటి తరగతి నుంచే ఉండగా, ప్రకృతినీ సమాజాన్నీ కలిపి బోధించే పరిసరాల విజ్ఞానం మూడో తరగతిలో ప్రత్యేక పాఠ్యాంశంగా చేరుతుంది. 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరికీ అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు చేయడం రావాలి. దీనినే పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం అంటారు. ఆపై తరగతుల్లో భిన్నాలు, కొలతలు, పటాల పరిశీలన ఆ పునాదిపైనే నిలుస్తాయి. పెన్న నది నెల్లూరు తీరాన సముద్రంలో కలిసే చోటు, ఉప్పునీరూ మంచినీరూ కలిసిన పులికాట్ సరస్సు, గూడబాతులు గూళ్లు కట్టే నేలపట్టు పక్షుల కేంద్రం పరిసరాల విజ్ఞానం పాఠాలకు సజీవ ఉదాహరణలు కనుక, తల్లిదండ్రులు పిల్లలకు వాటిని చూపించి, బడిలో విన్న పాఠాన్ని వారిచేతనే చెప్పించాలి.