మా తాతగారి తొట్టియిల్లు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంఘములో మాకంటె చదువుకొన్నవారున్నారు, వ్యాపారములో ఆరితేరినవారున్నారు. మేము పదో తరగతితో చదువు ముగించి, రైల్వేలో టిక్కెట్లిచ్చే గుమాస్తా పనిలో కుదురుకొన్నవాళ్లము. మమ్ములను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు మనిషిని పొరబడ్డారేమో అనుకొన్నాము. కాని వారడిగినది మా యింటిని గూర్చి. "కోవిల్పట్టిలో మీ తాతగారి యిల్లు అమ్ముతారా, అమ్మరా? ఆదివారమైతే అందులోనుంచి డప్పుల మోత ఎందుకు వస్తున్నది?" అని మీలో చాలామంది మమ్ములను బజారులోనూ బండిలోనూ నిలవేసినవారే. విడివిడిగా చెప్పుటకంటె అందరికీ ఒకేసారి చెప్పివేయుట మేలని ఒప్పుకొన్నాము. మేము, మేము అంటున్నది గొప్పకు కాదు. ఇందులో మా యింటావిడ చెయ్యి ఉన్నది, మా అమ్మ చెయ్యి ఉన్నది. ఒక్కడి గొప్పగా చెప్పుకొంటే ఇంటికి పోయిన తరువాత జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఆ యిల్లు తాతగారు శార్వరి సంవత్సరములో, అంటే 1960లో కట్టించినది. నల్లరేగడి పత్తి కమీషను వ్యాపారములో నాలుగు డబ్బులు కనిపించిన రోజులవి. కోస్తావారు మండువా అంటారు, ఇక్కడ మనవాళ్లు తొట్టి అంటారు. నడుమ ఆకాశానికి తెరచిన వాకిలి, చుట్టూ నాలుగు వసారాలు, ఎనిమిది కొయ్యస్తంభాలు, వీధివైపు రెండు అరుగులు, మేడమీద పత్తిమూటలు వేసుకొనే పొడుగాటి గది. వాన వస్తే నాలుగు చూరులనుంచి నీళ్లు తొట్టిలో పడేవి. అవ్వ ఇత్తడి బిందెలు వరుసగా పెట్టేది. ఈ వూళ్లో వాన ఎంత అపురూపమో మీకు చెప్పనక్కరలేదు.

నాయన పోయినారు, తరువాత 2020లో అవ్వ పోయినది. అది మళ్లీ శార్వరి సంవత్సరమే. ఒక శార్వరిలో తలుపులు పెట్టిన ఇంటికి మరో శార్వరిలో తాళము పడ్డది. మేమా విరుదునగరులో కాపురమున్నాము, పిల్లల బడి అక్కడ. మా అన్న కోయంబత్తూరులో లేతు పనిలో ఉన్నాడు. మూడేండ్లు ఆ యిల్లు గబ్బిలాల పాలైనది. ఒకాయన వచ్చి, పడగొట్టి కింద సెల్‌ఫోను దుకాణాలు, పైన లాడ్జి కడతానని బేరము పెట్టినాడు. అన్న ఒప్పుకొన్నాడు. మేమూ, నిజము చెప్పవలెనంటే, సగము ఒప్పుకొన్నాము.

అప్పుడు జరిగిన సంగతి ఇది. మేము రోజూ విరుదునగరునుంచి బండెక్కి, సాత్తూరు మీదుగా కోవిల్పట్టి పోయి టిక్కెట్టు కౌంటరులో కూర్చుంటాము. సాయంత్రము ఆరుగంటలకు ఒక కుర్రవాడు వచ్చి అయిదు ప్లాట్‌ఫారం టిక్కెట్లు అడిగేవాడు. ఒక్కొక్కటి 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. ఒక రోజు సరే, రెండు రోజులు సరే, చుట్టాలు వస్తున్నారనుకొన్నాము. వారమంతా అయిదు టిక్కెట్లే. రోజూ ఏబది రూపాయలు పెట్టి ఏ చుట్టాన్ని ఎదుర్కొంటున్నారు? డ్యూటీ దిగి ప్లాట్‌ఫారము చివరకు నడిచి చూచినాము. వేపచెట్టు క్రింద బెంచీమీద ఒకడు బొమ్మలు గీస్తున్నాడు. ఇద్దరు సెల్‌ఫోనులో తాము తీసిన పొట్టి సినిమాను కోస్తూ అతుకుతూ ఉన్నారు. ఒకడు అరవములో పాట కట్టి, మిగిలినవాడు బెంచీమీద తాళము వేస్తుంటే పాడుతున్నాడు. అడిగితే చెప్పినారు, ఇంట్లో ఒకటే గది, అందులో అమ్మ, నాయన, అవ్వ, టీవీ. టీకొట్టులో కూర్చుంటే అరగంటకు లేవమంటారు. పార్కులో చీకటి. ఇక్కడ దీపమున్నది, కుళాయి ఉన్నది, ఎవరూ లేవమనరు. అయిదుగురిలో ముగ్గురు మన తెలుగిండ్ల పిల్లలే. మా చొక్కా చూచి మొదట అరవములో జంకుతూ మాట్లాడి, మేము తెలుగులో అడిగేసరికి "అన్నా, టిక్కెట్టు ఉండాది" అని చూపించినారు.

ఆ రాత్రి బండిలో మాకు నిద్ర పట్టలేదు. ఎనిమిది స్తంభాల ఇల్లు మనకు ఉన్నది, దానికి మనమే తాళము వేసుకొన్నాము. రోజుకు ఏబది రూపాయలు పోసి పిల్లలు బెంచీ బాడుగకు తీసుకొంటున్నారు.

మరుసటి నెల ఒక సహోద్యోగి ఇంటి పెండ్లికి హైదరాబాదు పోయినాము. పెండ్లివారి కుర్రవాడొకడు సాయంత్రము బంజారాహిల్సులో లామకాన్ అనే చోటికి తీసుకొనిపోయినాడు. అది మొదట ఒక సంసారి యిల్లు. ఛాయాచిత్రములూ డాక్యుమెంటరీలూ తీసిన హసన్ గారిది. వారి తదనంతరము కుటుంబమువారు దానిని అమ్ముకోక, 2010 మార్చిలో ఊరివారందరికీ తెరచిపెట్టినారు. బంజారాహిల్సులో స్థలము ధర ఏపాటిదో మీరే ఊహించుకోవచ్చును. మేము పోయిన సాయంత్రము బండరాళ్ల నడుమ చెట్టుక్రింద కుర్రవాళ్లు నాటకము వల్లె వేస్తున్నారు. ఒక మూల చాయి, సమోసాలు. సంగీతము, సినిమాలు, పుస్తకములు, వాదోపవాదములు అన్నీ అక్కడ నడుస్తవి. గేటు దగ్గర "ఎవరు నీవు, ఎవరి తాలూకు?" అని అడిగేవాడు లేడు. అది చూచి మాకు కలిగిన ఆశ్చర్యము ఇంతా అంతా కాదు. ఆ నగరములోనే సరోజినీ నాయుడుగారి కుటుంబపు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డులో 1974లో విశ్వవిద్యాలయమే మొదలైనదని ఆ కుర్రవాడు చెప్పినాడు. మాది అంతటి ఇల్లు కాదు, మేమంతటివారము కాము. కాని ఇల్లు అనేది సంసారము ఖాళీ చేసిన తరువాత కూడా ఒక పనికి వస్తుందని అక్కడ కంటితో చూచినాము.

తిరిగి వచ్చి ఈ మాట ఒక పెద్దమనిషితో అంటే ఆయన నవ్వినారు. "హైదరాబాదు దాకా ఎందుకు పోయినావు, తిరునెల్వేలి పోలేదా?" అన్నారు. రసికమణి అని పేరుపొందిన టి.కె. చిదంబరనాథ ముదలియారుగారి యింట్లో ఉండిన గుండ్రని తొట్టి పేరుమీదనే అక్కడ చేరే సాహిత్య గోష్ఠికి వట్టత్తొట్టి అని పేరు వచ్చినదట. అదీ తొట్టే, మాదీ తొట్టే! ఆయన అభిమానులలో ఒకరు మన కోవిల్పట్టి ప్రక్కనున్న ఇడైసెవల్ గ్రామస్థులు, కి. రాజనారాయణన్ గారు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబము. పెద్ద చదువులు లేని రైతు. తెలుగుదేశమునుంచి వలస వచ్చినవారి కథను గోపల్ల గ్రామము అనే పేరుతో 1976లో అరవములో నవలగా తెచ్చినారు, దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందినారు. ఆ ఊరే, ఆ యింటి భాషే అయిన కు. అళగిరిసామిగారికి అదే బహుమానము 1970లో, కన్నుమూసిన తరువాత వచ్చినది. ఒక చిన్న పల్లెకు రెండు అకాడెమీ బహుమానములు! ఈ ఇద్దరు మిత్రులకూ కథలు వ్రాయుట ఏ కళాశాలా నేర్పలేదు. అరుగులమీద, పొలము గట్లమీద, ఇతరుల వాకిళ్లలో కూర్చుని నేర్చుకొన్నారు. రాజనారాయణన్ గారు 2021లో పుదుచ్చేరిలో పోయినారు. 2022లో కోవిల్పట్టిలో ప్రభుత్వము వారికి స్మారక మండపము తెరచినది. ఇంకొక సంగతి. కోవిల్పట్టిలో దేవదచ్చన్ అనే కవిగారి నగల దుకాణము ఉండేది. బంగారము కొనని కుర్రవాళ్లు అక్కడ ఎంతమంది కూర్చుని లేచి, తరువాత రచయితలైనారో లెక్క చెప్పుట కష్టము.

ఎట్టయపురము మాట కూడా చెప్పక తప్పదు. కోవిల్పట్టినుంచి బస్సెక్కితే ఎంతో దూరము లేదు. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో దేహము చాలించినది అక్కడనే. వారి వంశమువారైన సుబ్బరామ దీక్షితులవారు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అను మహాగ్రంథమును 1904లో ఆ ఊళ్లోనే అచ్చు వేయించినారు. ఏ లిపిలో? తెలుగు లిపిలో! నూరేండ్లకు పైబడి మన గడపలోనే అంత తెలుగు పుస్తకము అచ్చైతే, ఇవాళ మన పిల్లలకు తమ పేరు తెలుగులో వ్రాయుట రాదు. ఈ కోపము మాకు చాలా ఉండేది, దానివల్లనే మొదట తప్పు చేసినాము. ఆ తప్పు చెపుతాము.

2023లో ఇల్లు తెరచినాము. అమ్మ మొదట దేవుడి గదికి మాత్రము తాళము ఉంచమన్నది, సరే అన్నాము. గబ్బిలాలను వెళ్లగొట్టుటకు పదిరోజులు పట్టినది. సున్నము కొట్టించినాము. అయిదుగురు పిల్లలు పదిహేనుమందై వచ్చినారు. అప్పుడు మేము గుమాస్తాలము కదా, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? పన్నెండు నిబంధనలు వ్రాసి బోర్డు కట్టినాము. వచ్చినవారు సంతకము పెట్టవలెను. అరుగుమీద కాళ్లూపరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక గంట తెలుగు అక్షరాలు దిద్దిన తరువాతనే బొమ్మలైనా పాటలైనా. మొదటి ఆదివారము పదిహేనుమంది దిద్దినారు. రెండో ఆదివారము ఆరుగురు. మూడోసారి ఎవరూ రాలేదు. ఆ సాయంత్రము కౌంటరులో మళ్లీ అయిదు ప్లాట్‌ఫారం టిక్కెట్లు తెగినవి.

మా యింటావిడ ఆ రాత్రి ఏమీ అనలేదు. ఉదయము బోర్డు విప్పి, వంటింట్లో ఎలుక కన్నానికి అడ్డము పెట్టినది. ఇప్పటికీ అక్కడనే ఉన్నది. పిల్లలు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టినది.

తరువాత తెలుగు మాట మేమెత్తలేదు. ఒకనాడు బొమ్మలు గీసే పిల్లవాడు వీధి గుమ్మమును కాగితముమీద దింపుతూ, దూలముమీద చెక్కిన గీతలను కూడా పువ్వులనుకొని దించినాడు. "అన్నా, ఈ తీగె ఏమి తీగె?" అన్నాడు. అది తీగె కాదు, ‘శార్వరి’ అన్న అక్షరాలు, క్రింద తాతగారి పేరు. చదివి చెప్పినాము. ప్రక్కనే మా కొడుకు నిలబడి ఉన్నాడు, వాడికీ తెలియదు. రోజూ దాని క్రిందనుంచి తల వంచి లోపలికి పోతున్నాడు! ఆ రోజు ఇద్దరూ ఆ అక్షరాలు నేర్చుకొన్నారు. ఇప్పుడు ఎనిమిదిమంది నేర్చుకొన్నారు, అందులో ఇద్దరు మన ఇండ్ల పిల్లలు కూడా కాదు. ఎనిమిదే. ఎక్కువ చేసి చెప్పము.

ఆడపిల్లల విషయము వేరు. మొదటి ఆరు నెలలు ఒక్కరూ రాలేదు. తల్లిదండ్రులు పంపరని మేము అనుకొంటూ ఊరుకొన్నాము. కారణము అది కాదు. దొడ్డిలో మరుగుదొడ్డికి గడియ లేదు, దీపము లేదు. ఆ సంగతి మాకు తట్టనే లేదు, అమ్మ చెప్పవలసి వచ్చినది. గడియ, బల్బు, బకెట్టు కలిపి అయిదువందల లోపే. మరుసటి నెల నలుగురు వచ్చినారు. అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే తల్లి కూతురొకతె మేడగదిలో కూర్చుని తన అవ్వ చెప్పిన కథలు నోటుపుస్తకములో వ్రాసుకొంటున్నది. తెలుగు మాటలను అరవ లిపిలో వ్రాస్తుంది. మేము ఏమీ అనము.

డప్పుల సంగతి: ప్రక్కింటి పెద్దాయనకు గుండె జబ్బు. మొదట ఆయన కేకలేసినారు, న్యాయమే. ఇప్పుడు డప్పు సాయంత్రము నాలుగునుంచి అయిదున్నర వరకే. ఆ వేళకు ఆయనే వచ్చి మా అరుగుమీద కూర్చుంటున్నారు. ఇంట్లోనుంచి వింటే బాధగా ఉంటుందట, ఎదుట కూర్చుంటే ఉండదట.

ఇక మీరంతా అడగదలచుకొని మొగమాటపడుతున్న ప్రశ్నకు వస్తాము. మా అన్న సంగతేమిటి? అన్నను చెడ్డవాణ్ణి చేసి మేము మంచివాళ్లము కావాలని లేదు. ఆ యింట్లో సగము అతనిది. కూతురు ఇంజనీరింగు కాలేజీలో చేరినది 2023లోనే. ఫీజు కట్టాలి, ఇల్లు అమ్మితే కట్టవచ్చును. ఇందులో తప్పేమున్నది? మేము అతని కాళ్లూ చేతులూ పట్టుకోలేదు. లెక్క వేసి మాట్లాడుకొన్నాము. నాలుగేండ్ల ఫీజు మేము కడతాము, అది అతని వాటాలో చెల్లు. నాలుగో యేడు ముగిసేసరికి మిగిలిన వాటా ఇవ్వగలిగితే ఇల్లు మాది. ఇవ్వలేకపోతే మాట పెంచకుండ అమ్మివేయుటకు సంతకము పెడతాము. ఆ ప్రకారము కాగితము వ్రాసుకొన్నాము. రెండు సంవత్సరాల ఫీజు కట్టినాము, ఉద్యోగుల సహకార సంఘము అప్పుతో. మూడోది ఈ జూన్‌లో కట్టవలెను. మిగిలిన వాటా ఎట్లా తేగలమో మాకు ఇప్పటికీ దారి కనపడలేదు. పిల్లలకు ఈ కాగితము సంగతి చెప్పవలెనా, వద్దా అని కొన్నాళ్లు మథనపడి చివరకు చెప్పినాము. వాళ్లు ఒక డబ్బా పెట్టినారు, ప్లాట్‌ఫారం టిక్కెట్ల లెక్కన వారానికి మనిషికి 10 రూపాయలు. దానితో వాటా తీరదని వాళ్లకూ తెలుసును. కరెంటు బిల్లు తీరుతున్నది.

సంక్రాంతికి అన్న వచ్చినాడు. ఇల్లు తెరచిన తరువాత మొదటిసారి. తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, చిన్నప్పుడు తాను మేకుతో పేరు గీసిన స్తంభము వెదికినాడు. సున్నము కింద దొరికినది. డబ్బు మాట ఎత్తలేదు. పోతూ పోతూ మేడమెట్లలో మూడోది కదులుతున్నదనీ, ఎవరైనా పడతారనీ చెప్పి, తానే బజారునుంచి కొయ్యా మేకులూ తెచ్చి బిగించి పోయినాడు. దానికేమి అర్థము చెప్పుకోవలెనో మాకు తెలియదు, మేమడగలేదు.

మీనుంచి మేము చందా కోరుట లేదు. మీ యిండ్లలో అటకమీద పడిఉన్న తెలుగు పుస్తకములు, చెదలు తినకముందు, ఇయ్యండి. మేడగదికి రెండు పాత బల్లలు కావలెను. ఆదివారము ఎవరైనా రావచ్చును, తలుపు మధ్యాహ్నము మూడింటికి తెరుస్తాము. గుమ్మము దగ్గర తల వంచండి, దూలము తక్కువ ఎత్తు. కార్యదర్శిగారు గడియారము చూపిస్తున్నారు, ఉగాది పచ్చడి కూడా సిద్ధమైనదంటున్నారు. సెలవు.