తోలు రంగు కాదు, లోపలి రంగు చూడండి
(తల్లులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



శివరాత్రికి శ్రీశైలం చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉపవాసం ఉన్న ఇళ్ళల్లో గెనుసుగడ్డలు ఉడుకుతాయి. పండుగ అయిపోగానే వాటిని మరచిపోతాం. అవే గడ్డలు పిల్లల కంటిచూపును కాపాడగలవని మీకు తెలుసా?

రంగురంగుల ఉర్లగడ్డలు పెరట్లో పెంచవచ్చా అని కొందరు అడుగుతుంటారు. ఉర్లగడ్డ ఊరాలంటే రాత్రులు చల్లగా ఉండాలి. నంద్యాల, ఆళ్ళగడ్డ వేడికి అది సరిగా ఊరదు. గెనుసుగడ్డ అయితే వేడికి తట్టుకుంటుంది. విత్తనం కొనే పని కూడా లేదు. పొరుగింటి నుండి నాలుగు తీగ ముక్కలు తెచ్చుకుంటే చాలు. మన పెద్దలు ఈ పంటను అలాగే నిలుపుకుంటూ వచ్చారు.

అయితే ఒక విషయం గమనించండి. మన సంతల్లో దొరికే గడ్డకు తోలు ఎర్రగా ఉన్నా, లోపల తెల్లగానే ఉంటుంది. అందులో విటమిన్ 'ఎ' దాదాపు ఉండదు. లోపల నారింజ రంగు ఉన్న గడ్డలోనే అది పుష్కలంగా లభిస్తుంది. బడికి పోయే వయసు రాని బిడ్డకు అటువంటి గడ్డ సుమారు 125 గ్రాములు పెడితే ఆ రోజుకు సరిపడా విటమిన్ 'ఎ' అందుతుంది. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ 'భూ సోన' అనే నారింజ రకాన్ని, 'భూ కృష్ణ' అనే ఊదా రకాన్ని రూపొందించింది. ఊదా రంగు కూడా ఆరోగ్యానికి మంచిదే గాని, కంటికి కావలసింది నారింజ రంగే. ఆఫ్రికా పల్లెల్లో ఈ నారింజ గడ్డను ఇంటింటికీ చేర్చిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

నాటే విధానం: నల్లరేగడిలో నీరు నిలిస్తే గడ్డ కుళ్ళుతుంది. కాబట్టి ఇసుక, పశువుల ఎరువు కలిపి ఎత్తుగా బోదెలు చేయండి. జానెడు తీగ ముక్కలను జానెడు దూరంలో, మధ్య కణుపులు మట్టిలో ఉండేటట్లు నాటండి. పాకిన తీగలను అప్పుడప్పుడు ఎత్తి వేయండి. నేల పగుళ్ళు ఇస్తే మట్టి ఎగదోయండి, లేకుంటే ముక్కుపురుగు గడ్డలోకి చేరుతుంది. సుమారు నాలుగు నెలలకు తవ్వుకోవచ్చు.

వండే విధానం: తోలుతోనే, మూత పెట్టి ఉడకబెట్టండి. తర్వాత తోలు తీసి, మెదిపి, చెంచాడు నూనె గాని నెయ్యి గాని కలపండి. కొవ్వు ఉంటేనే విటమిన్ 'ఎ' ఒంటికి పడుతుంది. లేత ఆకులను పప్పులో వేసుకోవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారు అన్నం తగ్గించి, దానికి బదులుగా మాత్రమే కొద్దిగా తినాలి.

చివరగా ఒక హెచ్చరిక. బిడ్డ చీకటి పడగానే తడుముకుంటూ నడుస్తుంటే, అది రేచీకటి కావచ్చు. గడ్డలు పెడుతూ ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆలస్యమైతే నల్లగుడ్డు దెబ్బతిని చూపు శాశ్వతంగా పోవచ్చు. 9 నెలల నుండి 5 సంవత్సరాల వరకు ఆరు నెలలకొకసారి ఇచ్చే విటమిన్ 'ఎ' మందును కూడా మరువవద్దు.

దసరా వెళ్ళగానే నాటితే శివరాత్రికి గడ్డలు చేతికొస్తాయి. ఈసారి కోసినప్పుడు లోపలి రంగు చూడండి. తీగ ముక్కలు పక్కింటి తల్లికి కూడా ఇవ్వండి.