తలుపు తెరిచే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కదా, యంత్రాల గురించి ఏదైనా చెప్పమన్నారు సంఘం పెద్దలు. నేను మాత్రం నిప్పు గురించి, దాన్ని ఆర్పేవాళ్ల గురించి మాట్లాడతాను. ముప్పై ఏళ్లుగా నాకున్న పిచ్చి అదే. ఆ పిచ్చి పుట్టింది ఈ ఆవరణలోనే.

మా ఆరో తరగతి తాటాకు పాకలో జరిగేది. యాభై మందిమి, ఒకటే గుమ్మం. ఒక వేసవి రాత్రి ఆ పాక తగలబడిపోయింది. ఊరంతా బావి నుంచి బిందెలు అందించుకున్నారు. టౌను నుంచి ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వచ్చేసరికి నిట్రాళ్లే మిగిలాయి. పిల్లలందరం ఫైరింజన్ చుట్టూ మూగి, దాని ఇత్తడి గొట్టాన్ని తాకి చూసి మురిసిపోయాం. సెలవులు కాబట్టి సరిపోయింది. ఆ మాట విలువ నాకు 2004 జులై 16న తెలిసింది. ఆ రోజు తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో నిప్పు రేగి తాటాకు కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు పోయారు. పేపరులో ఆ ఫోటో చూస్తుంటే నాకు మా పాక, ఆ ఒక్క గుమ్మం కనిపించాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక తప్పు చేశాను. ఫ్యాక్టరీలో కేబుల్ గది నుంచి పొగ వస్తోంది. ఫైర్ సిబ్బంది కోసం ఆగకుండా, తడి రుమాలు ముక్కుకు కట్టుకుని తలుపు లాగాను. రెండడుగులు వేశానో లేదో, కళ్లు కనపడలేదు, కాళ్లు తేలిపోయాయి. ఫైర్ సిబ్బందిలో ఒక పెద్దాయన నా కాలరు పట్టి బయటికి లాగాడు. తేరుకున్నాక నన్ను తిట్టలేదు. "సార్, మీరు తలుపు తీస్తే లోపలికి వెళ్లిన గాలి మంటకే బలమిచ్చింది. రుమాలు మసిని ఆపుతుందేమో గానీ విషవాయువును ఆపదు" అన్నాడు. మండటానికి గాలి కావాలని ఇదే బడిలో సైన్సు మాస్టారు కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించి చూపించారు. పరీక్షలో మార్కులొచ్చాయి, బుర్రకు మాత్రం ఎక్కలేదు!

ఆ తర్వాత సిగ్గుపడి, వాళ్ల దగ్గరే శిక్షణకు చేరాను. ఫైర్‌మన్ వీపు మీద సిలిండరు చూసి చాలామంది ఆక్సిజన్ అనుకుంటారు. కాదు, అందులో ఉండేది మనం పీల్చే గాలే, కుదించి నింపుతారు. 6 లీటర్ల సిలిండర్లో 300 బార్ ఒత్తిడితో దాదాపు 1800 లీటర్ల గాలి పడుతుంది. మెట్లెక్కుతూ మనిషిని మోస్తూ ఉంటే అది అరగంటకు కాస్త అటూ ఇటుగా వస్తుంది. గాలి తగ్గగానే ఈల మోగుతుంది. మోగితే ఎంత పనిలో ఉన్నా వెనక్కి రావలసిందే. కోటు, హెల్మెట్, బూట్లు, సిలిండరు కలిపి 20 కిలోలకు పైనే బరువు. కోటు మూడు పొరలు: పైది మంటకు, నడిమిది నీటికి, లోపలిది వేడికి అడ్డు. లండన్‌లో ఒకప్పుడు మెరిసే ఇత్తడి హెల్మెట్లు పెట్టుకునేవారు. ఇళ్లలోకి కరెంటు వచ్చాక ఆ ఇత్తడే ప్రాణం తీస్తుందని 1930లలో వాటిని మానేశారు.

శిక్షణలో అన్నిటికంటే కష్టం పొగ గది. కటిక చీకట్లో ఒక చేయి గోడకు ఆనించి పాకుతూ వెళ్లాలి. ఆ చేయి వదిలితే దారి తప్పినట్టే. తలుపు వస్తే తెరిచే ముందు అరచేయి కాకుండా చేతి వెనుక వైపు ఆనించి చూడాలి. వేడిగా ఉంటే తెరవకూడదు. చేతి వెనుక వైపే ఎందుకంటే, కరెంటు తగిలితే అరచేయి ముడుచుకుని తీగనే పట్టుకుంటుంది. నీళ్లు కొట్టడంలోనూ చదువుంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. మూసిన గదిలో గుడ్డిగా కొడితే ఆ ఆవిరి మనల్నే ఉడికిస్తుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో నిప్పు రేగింది. అందులో దూది బేళ్లూ ఉన్నాయి, దాదాపు 1400 టన్నుల పేలుడు పదార్థాలూ ఉన్నాయి. ఫైర్‌మన్లు ఓడను వదలకుండా నీళ్లు కొడుతూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. 66 మంది ఫైర్‌మన్లు అక్కడే పోయారు. వారి జ్ఞాపకంగానే ఆ వారోత్సవాలు.

ఇక అసలు విషయం. పొద్దున సభ మొదలవక ముందు, అలవాటు కొద్దీ ఈ హాలు చుట్టూ తిరిగాను. వెనుక తలుపుకు తాళం ఉంది, దాని ముందు విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, మా ఇంట్లో వెనుక తలుపుకూ నిన్నమొన్నటి దాకా బీరువా అడ్డమే! అటెండరు గారిని అడిగితే పాపం ఆయన తాళం వెతికి తెచ్చారు. ఇద్దరం కలిసి కుర్చీలు జరిపాం. మీ వెనుక నుంచి వస్తున్న చల్లగాలి ఆ తలుపులోంచే.

స్వర్ణోత్సవానికి గుర్తుగా స్వాగత తోరణం కడదామని అనుకుంటున్నాం. కట్టండి, నా వంతు నేనూ ఇస్తాను. దానికి ముందు ప్రతి అంతస్తుకూ మంటలార్పే సిలిండర్లు, ఏటా వాటి తనిఖీ, వంటశాలకు తరగతి గదులకు మధ్య దూరం, ఎప్పుడూ తాళం పడని రెండో దారి చూద్దాం. ఏడాదికి రెండుసార్లు పొడుగు గంట కొట్టి పిల్లలందరినీ మైదానంలోకి తెచ్చి లెక్కపెడదాం. ఆ డ్రిల్లుకు నేను సొంత ఖర్చులతో వస్తాను. మనకు 101 తెలుసు, కానీ ఫైరింజన్ వచ్చేలోపు గడిచే నిమిషాలు మన చేతిలోనివి.

గురువులు నన్ను క్షమించాలి, శిష్యుడు ఈరోజు పాఠం చెప్పాడు. సభ ముగిశాక అందరం వెనుక తలుపులోంచి బయటికి వెళదాం. దారి ఎటో ఒక్కసారి మన కాళ్లకు తెలియాలి.