కొండమీది గదికి తాళము
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున మాటలాడువారు మాతృభాషను గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో పలుకుట వాడుక. నేడు మేము ఒక తాళపుకప్పను గూర్చి మాటలాడదలచితిమి.

గత శీతకాలమున మన పాఠశాల బాలబాలికలను కొందఱిని వెంటబెట్టుకొని ఈ జిల్లాలోని ఒక కొండకు కాలినడకను పోయితిమి. దాని పేరు చెప్పుట ఉచితము కాదు. కొండ సగము ఎక్కినచోట రాతిగోడలు, పెంకుల కప్పు గల ఒంటిగది కలదు. పశువుల కాపరులు వానవచ్చినప్పుడు అందు తలదాచుకొనెడివారు. మన బడిపిల్లలును ఏటేట అందే రాత్రి గడపి, తెల్లవాఱకమునుపే శిఖరమెక్కి సూర్యోదయము చూచెడివారు. ఈసారి పోయి చూడగా చుట్టును ముండ్లతీగ, తలుపునకు తాళపుకప్ప! భూమి చేతులు మాఱినదని తరువాత తెలిసినది. అప్పటికే ప్రొద్దు గ్రుంకుచుండెను. చిన్నపిల్లలతో చీకటిలో దిగివచ్చితిమి. ఇది పెద్దపులులు తిరుగు జిల్లా యని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. క్రింది ఊరిలో ఒక గృహస్థు తన కళ్ళమున మాకు చోటిచ్చి, పిల్లలకు జొన్నరొట్టెలు పెట్టించెను.

మఱునాడు క్రొత్త స్వంతదారుని మేము మెండుగనే నిందించితిమి. అంతట ఆ ఊరి కాపరి యొకడు అడ్డుపడి వేఱొక సంగతి చెప్పెను. అంతకు ముందటి యేడు ఎవరో విహారమునకు వచ్చి, చలికి తాళలేక తలుపుచెక్కలను ఊడబెఱికి నెగడు వేసిరట. గోడలనిండ బొగ్గుతో పేర్లు వ్రాసిరట. అందు తెలుగు అక్షరములును కలవట! చంద్రపురమున తెలుగు అక్షరములు ఎవరివో ఊహించుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. మా కోపము సగము అచ్చటనే చల్లారినది.

ఇట్టి చిక్కు మనకే వచ్చినది కాదు. స్కాట్లండు దేశమున కొండనేలలలో అధికభాగము పెద్ద ఎస్టేటుదారుల స్వంతము. కాపరులును పాలేర్లును విడిచిపోయిన రాతియిండ్లను అచ్చట బోతీలందురు. కొండలలో నడచువారు వానిలో బసచేయుచు వచ్చిరి. అవి ఒక్కటొక్కటిగ కూలిపోవుచుండగా, 1965లో బెర్నార్డు హీత్ మొదలగువారు మౌంటెన్ బోతీస్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించిరి. నేడా సంఘము ఇంచుమించు నూఱిండ్లను బాగుచేయుచు కాపాడుచున్నది. అద్దె లేదు, తాళము లేదు. అయినను వానిలో దాదాపు ఏదియు సంఘమునకు స్వంతము కాదు. స్వంతదారుల సమ్మతియే ఆధారము. 2003లో ఆ దేశమున వచ్చిన భూసంస్కరణ చట్టము, బాధ్యతతో మెలగువారికి ఇతరుల నేలపై నడచు హక్కు నొసగినది గాని, కట్టడములను అందునుండి మినహాయించినది. స్కై ద్వీపమున కామాసునారీ అను చోట పాత బోతీని స్వంతదారు తిరిగి తీసికొనదలచినప్పుడు, దానికి సమీపముననే 2014లో సైనిక ఇంజనీర్ల శ్రమతో క్రొత్తది కట్టబడినది. ఏండ్లతరబడి మరమ్మతులు చేసినవారి మాటకు స్వంతదారులకడ విలువ యుండుట సహజమని మేము తలంచెదము.

ఇక మన జిల్లా సంగతి. పూర్వమిది మధ్యపరగణాలలోనిది. గ్రామములు మాల్గుజారుల చేతిలోను, అహేరి వంటి అడవులు జమీందారుల చేతిలోను ఉండెను. సెటిల్‌మెంటు కాలమున గ్రామమునకు ‘వాజిబ్ ఉల్ అర్జ్’ అను పత్రము వ్రాసెడివారు. పశువుల మేపు, వంటచెఱకు మొదలైన ఊరివాడుకలు అందు నమోదగుచుండెను. 1951 మార్చి 31న ఆ స్వామ్యహక్కులు రద్దయినవి గాని, ఆ పత్రము పేరు మాత్రము చావలేదు. 1966 నాటి మహారాష్ట్ర భూమిశిస్తు చట్టము 165వ సెక్షను ప్రకారము, ప్రభుత్వముది కాని నేలయందు సయితము దారి, సాగునీరు, చేపలవేట మున్నగువానిని గూర్చిన వాడుకలను విదర్భ గ్రామములలో కలెక్టరు విచారించి నమోదు చేయవలెను. పెద్ద తరగతుల విద్యార్థులు ఈ పత్రము పేరు జ్ఞాపకముంచుకొందురు గాక. అయితే ఇందును దారి మాట కలదు గాని, వానలో తలదాచుకొను గది పేరు లేదు.

ప్రభుత్వపు నేలయైనచో ఎప్పుడు పడిన అప్పుడు పోవచ్చుననియు ఎంచరాదు. తాడోబా 1955లో జాతీయోద్యానమైనది. అందు పులికిని మనిషికిని ఎడముండుటయే మేలు. దానిపై మాకు ఫిర్యాదు లేదు. మేము కోరునది ఊరి పొలిమేరను ఒక గది.

మన పెద్దలు సత్రము కట్టించినప్పుడు దాని పోషణకు మాన్యము వ్రాసి, ఆచంద్రార్కముగ సాగవలెనని శిలపై చెక్కించెడివారు. ఆ కొండగదికి శాసనము లేదు, మాన్యము లేదు. కట్టించిన పుణ్యాత్ముడెవరో ఊరిలో ముదుసలులకు సయితము తెలియదు.

కావున మేము స్వంతదారుగారికి మరాఠీలో ఒక ఉత్తరము వ్రాసితిమి. గోడలకు మేమే సున్నము వేయించెదము, క్రొత్త తలుపు పెట్టించెదము, వంటచెఱకు వెంటతెచ్చుకొందుము, తాళపుచెవి ఊరి కాపరియొద్ద ఉండనిండు, ఏటికి రెండు రాత్రులు మాకును, వానకాలమంతయు కాపరులకును వ్రాతమూలకముగ అనుమతి యిండు, అని కోరితిమి. బదులింకను రాలేదు. తలుపునకు టేకుచెక్క సిద్ధముగ నున్నది. కొలతలు మాత్రము తీయవలసియున్నది. అందుకు గడపవఱకైనను మమ్ము పోనిత్తురో లేదో ఉత్తరము వచ్చినగాని తెలియదు.