గోడ మీద నీటి గీత చెప్పే లెక్క

మాది తల్లాడ. ఇటు ఖమ్మం, అటు భద్రాచలం. రెండు ఊళ్లకూ వరద వస్తది, కానీ రెండూ ఒకటి కాదు. ఈరోజు ఆ తేడా మాట్లాడుకుందాం.

భద్రాచలంలో గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఉంటాయి. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. అయినా పైనుంచి నీళ్లు ఎంత వస్తున్నాయో ముందే తెలుస్తుంది కాబట్టి సామాన్లు సర్దుకునే టైమ్ కొంత దొరుకుతుంది.

మున్నేరు అలా కాదు. తీర్థాల దగ్గర ఆకేరు కలుస్తుంది, అక్కడి నుంచి ఖమ్మం ఎంతో దూరం లేదు. ఇక్కడ మొదటి హెచ్చరిక 16 అడుగులు, రెండోది 24. 2024 సెప్టెంబర్ 1న ఏకంగా 36 అడుగుల దాకా వచ్చింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్ వెళ్లి తీసుకొచ్చారు. అంత తక్కువ టైమ్‌లో బీరువా మోయలేం, ప్రాణాలు కాపాడుకుంటాం, అంతే.

అందుకే సర్దుకోవడం వాన రాకముందే జరగాలి. మీ గోడ మీద ఆ రోజు నీళ్లు వదిలిన గీత ఉందా? సున్నం వేసే ముందు టేపు పెట్టి కొలిచి రాసుకోండి. మీ ఇంటికి అదే అసలైన డేటా. స్విచ్ బోర్డులు, ఇన్వర్టర్ ఆ గీతకు పైన ఉండాలి. సర్టిఫికెట్లు, పట్టా కాగితాలు అటక మీద, ఫొటోలు ఫోన్‌లో. గ్యాస్ బండ నీళ్లలో తేలుతుంది, రెగ్యులేటర్ తీసేసి కట్టేయండి. వరద తగ్గాక ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వెయ్యొద్దు. సంపు కడిగి క్లోరిన్ కలిపేదాకా ఆ నీళ్లు తాగొద్దు.

ఇప్పుడు అసలు మాట. స్థోమత ఉన్న ఓనర్లు పైన ఇంకో అంతస్తు వేసుకుని ఎక్కేస్తారు. కింద పోర్షన్ కిరాయికి ఇస్తారు. అంటే మునిగే ఇల్లు అలాగే ఉంది, మునిగే మనుషులే మారారు! ప్రభుత్వం ముంపు ఇళ్లకు ప్రకటించిన 16,500 రూపాయలతో ఫ్రిజ్, మంచం, పిల్లల పుస్తకాలు అన్నీ తిరిగి వస్తాయా?

ఓనర్లకు ఒక్కటే రిక్వెస్ట్. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఆ గీత చూపించండి. వాన పడే రాత్రి మేడ మెట్ల గేటుకు తాళం వెయ్యకండి. కిరాయికి దిగేవాళ్లు కూడా మొహమాటపడకుండా అడగండి: "నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయండీ?"

మీ ఇంట్లో గీత ఎన్ని అడుగులో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త.