రూటరు వేగమును కొలుచుట

పంచాయతీ సభ్యులారా,

2011లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పథకము, నేటి భారత్‌నెట్, ప్రతి గ్రామ పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్ల వేగము నందించుటకు ఉద్దేశింపబడినది. అంత వేగము నిజముగా వచ్చుచున్నదా యని గుంటూరు, ప్రకాశం పల్లెలలో మమ్ము అడుగువారు పెక్కురు. పంచాయతీ సొమ్ముతో బిల్లు కట్టువారికి ఆ ప్రశ్న న్యాయమైనదే.

ముందుగా ఒక పొరపాటు తొలగవలెను. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఫైలు దిగునప్పుడు సెకనుకు 12 మెగాబైట్లు కనిపించినచో తగవు పడనక్కరలేదు. అది ఇంచుమించు 100 మెగాబిట్లే.

తక్కిన ఫోనులన్నియు ఆపి, కంప్యూటరును రూటరునకు తీగతో కలిపి ఒకమారు, తీగ లేక ఒకమారు కొలువవలెను. ఉదయము కొలిచినది రాత్రియు కొలువవలెను. తీగతోనే తగ్గినచో సంస్థకు వ్రాయుడు. తీగతో సరిగా నుండి, తీగ లేనప్పుడు తగ్గినచో దోషము చాలవరకు మన గదులలోనే యున్నది. ఒక పంచాయతీ కార్యాలయమున రూటరును దొంగల భయముచే ఇనుప బీరువా వెనుక దాచిరి! ఇనుము తరంగములను అడ్డగించును. దానిని ఎత్తైన అరపై నిలుపగానే ప్రక్కగదిలో మిర్చి యార్డు ధరలు తెరపై కనబడినవి.

5 గిగాహెర్ట్జ్ తరంగము దగ్గరలో వేగవంతము, గోడ దాటుటకు బలహీనము, 2.4 గిగాహెర్ట్జ్ దూరము పోవును, వేగము తక్కువ. కొలతలను తేదీ, వేళలతో రిజిస్టరున వ్రాసి, ఫిర్యాదునకు నకలు జతచేయుడు.