మధుమేహము – మూత్రపిండ రక్షణము
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



మధుమేహము క్రొత్త వ్యాధి కాదు. చరక సుశ్రుత సంహితలు రెండును దానిని పేర్కొన్నవి. క్రొత్తది దాని చికిత్స. 1921వ సంవత్సరమున కెనడాయందలి టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు క్లోమమునుండి ఇన్సులిన్ అను హార్మోనును వెలికిదీసిరి. హార్మోను అనగా దేహమున ఒకచోట పుట్టి, రక్తముతో పయనించి, వేరొక అవయవమున కాజ్ఞ నందించు ద్రవ్యము.

ఇన్సులిన్ ప్రాణములను నిలిపెను. కాని దీర్ఘకాలము జీవించిన రోగులయందు మూత్రపిండముల క్షీణత కానవచ్చెను. పూర్వము గ్రామమునకు కరణ మెట్లో, దేహమునకు మూత్రపిండము లట్లు: ఉంచదగిన దేది, త్రోయదగిన దేది యని రేయింబవళ్ళు లెక్క చూచుచుండును. చక్కెర మితిమీరిన రక్తము ఏండ్ల తరబడి ప్రవహించినచో అందలి సన్నని జల్లెడలు చెడును. ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రముతో జారిపోవును. నొప్పి యుండదు, జ్వర ముండదు. బాధ లేదు కదా యని ఉపేక్షించిన గృహస్థుడు, కాళ్ళు వాచిన పిదప, డయాలిసిస్ కొరకు వారమునకు రెండు మూడు మారులు పట్టణమునకు పోవలసివచ్చును. ఆ వ్యయముచే ఇల్లు గుల్లయగును.

దీనికి నివారణ కలదా? కలదు. అమెరికా, కెనడాలలో 1,441 మంది మొదటి రకపు మధుమేహులపై జరిగిన పరిశీలన ఫలితములు 1993లో వెలువడెను. ఇన్సులినుతో చక్కెరను గట్టిగా అదుపుచేసిన వారియందు మూత్రపిండ నష్టము తగ్గినదని తేలెను.

పిమ్మట ప్రేవులనుండి మరియొక సాయము లభించెను. భోజనానంతరము ప్రేవులయందు జి.ఎల్.పి.-1 అను హార్మోను పుట్టి, ఇన్సులినును ప్రేరేపించి, ఆకలిని తగ్గించి, కొలది నిమిషములలో నశించును. దానిని పోలి, వారము దినములు పనిచేయునట్లు కూర్చిన ఔషధము సెమాగ్లుటైడ్. 2024లో వెలువడిన ‘ఫ్లో’ అను పరిశీలనయందు, రెండవ రకపు మధుమేహముతోపాటు మూత్రపిండవ్యాధియు గల 3,533 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు వారమున కొకమారు ఈ సూదిమందును, రెండవ జట్టునకు మందులేని సూదిని ఇచ్చిరి. మూత్రపిండములు విఫలమగుట, వాని శక్తి సగమునకు పడిపోవుట, మూత్రపిండ హృదయ వ్యాధులచే మరణించుట అను ఆపదలు మందు పొందిన జట్టునందు నూటికి 24 పాళ్ళు తక్కువయ్యెను.

అయినను ఇది సంజీవని కాదు. వికారము, వాంతులు కలుగవచ్చును. నశించిన మూత్రపిండమును మరల బ్రతికింపజాలదు. దీనిని నమ్మి రక్తపోటు మందులను మానరాదు; వైద్యుని యనుమతి లేక దీనిని వాడనురాదు.

ఏ మందైనను సకాలమున అందిననే ఫలించును. కావున రెండవ రకపు మధుమేహము బయటపడిన నాడును, ఆపై ఏటేటను, మూత్రమున ఆల్బుమినును, రక్తమున క్రియాటినినును పరీక్ష చేయించుకొనవలయును. పొలము లెక్కను ఏటేట సరిచూచుకొను గృహస్థుడు దేహపు లెక్కను మరచుట తగునా? ఈ గ్రంథాలయమున విన్న మాట ఒక్క యింటనైనను ఒక ప్రాణమును కాపాడినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.